వారాంతపు వ్యవసాయం: ఎక్కడ ఆగాలో తెలిసిన లివరు

మొన్న ఉగాది సంబరాల్లో పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడి ఉండగా ఒక మిత్రులు మా దగ్గరికి వచ్చి, రహస్యం చెబుతున్నట్లు గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, వారం రోజులుగా మా లివరు పనిచెయ్యడం లేదండీ" అన్నారు. వృత్తి అలవాటు కొద్దీ మేము ముందు ఆయన కళ్ళవంక చూశాం. పచ్చదనం ఏమీ లేదు. "ఆకలి ఎలా ఉందండీ?" అని అడిగాం. ఆయన తన ప్లేటు వైపు ఒకసారి చూసుకుని, "ఆకలికేం, దివ్యంగా ఉంది. నేను చెప్పేది నా లివరు సంగతి కాదండీ, ట్రాక్టరు లివరు. ఎంత ముందుకి తోసినా వెనకాల బ్లేడు కిందికి దిగి చావడం లేదు" అన్నారు.

ఈ శీర్షిక మొదలుపెట్టిన రోజున గోంగూర గురించీ, దోసపాదుల గురించీ రాస్తే సరిపోతుందనుకున్నాం. కాని మన సభ్యుల్లో కొందరు ఈమధ్య ఊరి బయట అయిదెకరాలూ, పదెకరాలూ కొనుక్కుంటున్నారు. అంత గడ్డి మామూలు మిషనుకి లొంగదు. కంకర రోడ్డు ప్రతి వానకీ గుంటలు పడుతుంది. దాంతో ఇరవై అయిదో, ముప్ఫయ్యో హార్స్‌పవరున్న ఒక బుల్లి ట్రాక్టరు వచ్చి షెడ్డులో చేరుతుంది. స్టీరింగు కారులాంటిదే కాబట్టి మొదటి రోజే నడిపేస్తాం. సీటు పక్కనున్న ఆ లివర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంత చదువుకున్నవాడికైనా తడబాటు తప్పదు. మాకూ తప్పలేదు. అందుకని ఈ నెల గోంగూరకి సెలవిచ్చి, ట్రాక్టరు వెనకనుండే 'త్రీ పాయింట్ హిచ్' సంగతి చెప్పుకుందాం.

ముందు మిత్రుని రోగం సంగతి. "సీటు కింద, మీ కాళ్ళ మధ్యగా ఒక గుండ్రటి నాబు ఉంటుంది. దాన్ని ఎవరైనా కుడివైపుకి పూర్తిగా తిప్పేశారేమో చూడండి" అని చెప్పాం. మర్నాడే ఫోను వచ్చింది. వాళ్ళబ్బాయి ఆడుకుంటూ తిప్పేశాడట. పనిముట్టు ఎంత వేగంగా కిందికి దిగాలో నిర్ణయించేది ఆ నాబు. నూనె వెనక్కి పోయే దారిని అది సన్నం చేస్తుంది. పూర్తిగా బిగిస్తే దారి మూసుకుపోతుంది. అప్పుడు లివరుని ఎంత తోసినా బ్లేడు గాలిలోనే వేలాడుతుంది. ఖర్చు లేకుండా రోగం కుదిరినందుకు ఆయన సంతోషించారు. కాని ఆయన అడిగిన రెండో ప్రశ్న అసలైనది. "డాక్టరుగారూ, ఇంతకీ ఆ లివరు దేనికి? పైకి లేపడానికా, కిందికి దింపడానికా?"

రెండింటికీ కాదు. కంగారు పడకండి, వివరంగా చెబుతాం. మన పత్రికలో బొమ్మలు వేసే వీలు తక్కువ కాబట్టి కాస్త ఓపికగా ఊహించుకోండి.

ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే కింద, ఇరుసుకి అటూ ఇటూ, వెనక్కి చాచిన రెండు ఇనుప చేతులు కనబడతాయి. వాటికి పైన మధ్యలో, పొడవు పెంచి తగ్గించేందుకు వీలుగా మరలున్న మూడో చెయ్యి ఒకటి ఉంటుంది. దాన్ని టాప్ లింకు అంటారు. ఈ మూడింటి కొసలూ పనిముట్టుని మూడు చోట్ల పట్టుకుంటాయి. అదే త్రీ పాయింట్. కింది చేతులు బరువు లాగుతాయి, పైచెయ్యి పనిముట్టు ఎంత వాలి ఉండాలో నిర్ణయిస్తుంది. బాక్స్ బ్లేడుతో రోడ్డు చదును చేసేటప్పుడు టాప్ లింకు పొట్టి చేస్తే బ్లేడు ముందుకి వంగి నేలని తవ్వుతుంది, పొడుగు చేస్తే వెనక్కి వాలి పైపైన నున్నగా రాసుకుంటూ పోతుంది.

సీటు వెనకనున్న పెట్టెలో అడ్డంగా ఒక లావుపాటి ఇనుప కడ్డీ ఉంటుంది. దాని రెండు కొసలకీ పొట్టి చేతులుంటాయి. అవి నిలువు కడ్డీల ద్వారా కింది చేతుల్ని పట్టుకుని ఉంటాయి. లోపల ఒక సిలిండరు, అందులో ఒక పిస్టను. ఇంజను నడిపే పంపు నూనెని సిలిండరులోకి తోస్తే పిస్టను కదిలి ఆ కడ్డీని తిప్పుతుంది, చేతులు పైకి లేస్తాయి. నూనెని బయటికి వదిలేస్తే పనిముట్టు తన బరువుకి తానే కిందికి దిగుతుంది.

ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణంగా ఈ పిస్టను ఒకవైపే తోస్తుంది. పైకి లేపగలదు గాని కిందికి నొక్కలేదు. "మా బ్లేడు నేలలోకి దిగడం లేదు, హైడ్రాలిక్కు వీక్‌గా ఉంది" అని డీలరుకి ఫోను చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. వీక్ కాదు, నొక్కడం దాని పనే కాదు. నేల గట్టిగా ఉంటే బ్లేడు బరువైనా పెంచాలి, టాప్ లింకైనా పొట్టి చెయ్యాలి, లేదా వాన పడ్డ రెండో రోజు దాకా ఆగాలి. మూడోది అన్నిటికన్నా చవక.

ఇక లివరు సంగతి. దాన్ని కారు కిటికీ అద్దాన్ని ఎక్కించి దింపే స్విచ్చిలాంటిదనుకోవడమే మనం చేసే పొరపాటు. స్విచ్చి నొక్కినంతసేపూ అద్దం కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ఎక్కడ ఆగాలో చూసుకోవలసింది మన కళ్ళు. ట్రాక్టరులో పొజిషన్ కంట్రోలు అనే ఈ లివరు అలాంటిది కాదు. దానితో మనం ఇచ్చే ఆజ్ఞ "పైకి పో" అనీ, "కిందికి దిగు" అనీ కాదు, "ఇదుగో, ఇక్కడ ఉండు" అని. లివరు మధ్యలో పెడితే చేతులు మధ్యకి వచ్చి ఆగుతాయి. ముప్పాతికలో పెడితే ముప్పాతికలో ఆగుతాయి. మనం వెనక్కి తిరిగి చూడనక్కరలేదు.

ఆగాలని వాటికెలా తెలుస్తుంది? లివరు జరిపినప్పుడు సన్నటి కడ్డీల ద్వారా నూనె వాల్వు తెరుచుకుంటుంది. చేతులు లేవడం మొదలుపెడతాయి. అవి లేస్తున్నకొద్దీ, తిరుగుతున్న ఆ లావుపాటి కడ్డీకి తగిలించిన ఇంకొక సన్నటి కడ్డీ అదే వాల్వుని వెనక్కి, మూసుకునే వైపుకి లాక్కొస్తుంది. లివరు తెరిచిన దాన్ని చేతుల కదలిక మూసేస్తుంది. రెండూ సరిసమానమైన చోట వాల్వు మూతపడుతుంది, నూనె ఎటూ కదలదు, బ్లేడు నిలబడుతుంది. ఎక్కడైనా కాస్త నూనె కారి బ్లేడు కిందికి జారిందనుకోండి, ఆ జారడమే వాల్వుని మళ్ళీ కొద్దిగా తెరుస్తుంది. ఇంజను తిరుగుతుంటే బ్లేడు మళ్ళీ తన చోటికి లేస్తుంది. మీ ట్రాక్టరు ఊరికే నిలబడి ఉన్నప్పుడు బ్లేడు కాసేపటికొకసారి ఎక్కిళ్ళు వచ్చినట్లు కదులుతుంటే లోపల ఎక్కడో నూనె కారుతున్నదని అర్థం.

మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం ఫిజియాలజీ చదివినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో కొడితే కాలు ఎగురుతుంది కదా. కండరంలో కదురు ఆకారంలో సన్నటి అంగాలుంటాయి, కండరం ఎంత సాగిందో కనిపెట్టడం వాటి పని. కాస్త ఎక్కువ సాగితే వెన్నుపాముకి కబురు వెళుతుంది, కండరం బిగుసుకుని తన చోటికి వస్తుంది. చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడినప్పుడు ఎవరో అందులో నీళ్ళు పోస్తుంటే, చెయ్యి జారకుండా నిలవడంలో వీటి పాత్ర ఉంది. పొజిషన్ కంట్రోలు చేసేదీ ఇంచుమించు అదే.

మార్కెట్లో ఉన్న బాగా చిన్న ట్రాక్టర్లలోనూ, చవక రకాల్లోనూ కొన్నిటికి ఈ తిరుగుకబురు కడ్డీ ఉండదు. వాటి లివరు నిజంగానే అద్దం స్విచ్చి బాపతు. మీరు కొనబోయేముందు షెడ్డులోనే అడిగి తెలుసుకోండి. పరీక్ష సులభం. ఇంజను వేసి, లివరు సగానికి పెట్టి చెయ్యి తీసేయండి. చేతులు సగంలో ఆగితే పొజిషన్ కంట్రోలు ఉన్నట్టు. పైదాకా పోతే లేనట్టు.

ఇంతవరకూ ఒక లివరు. కొన్ని ట్రాక్టర్లకి పక్కనే రెండోది కూడా ఉంటుంది. దాని మీద డ్రాఫ్ట్ అని రాసి ఉంటుంది. మా ట్రాక్టరుకీ ఉంది. అది దేనికో మాకు మాన్యువలు చదివినా బోధపడలేదు. బోధపరిచింది మా నాన్నగారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆ లివరుని అంతకుముందు ముట్టుకున్నవారూ కాదు. ఆ కథ చెప్పాలంటే మా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. చెబుతాం.

కిందటేడు వేసవిలో నాన్నగారు ఆరు నెలలకని వచ్చారు. అమ్మ పోయాక ఆయన ఇక్కడికి రావడం అదే మొదలు. మేము పనిచేసేది పల్లెటూరి ఆసుపత్రి కావడం వల్ల చుట్టూ మొక్కజొన్న చేలే. వచ్చిన వారం రోజులు ఆయన వరండాలో కుర్చీ వేసుకుని ఎదురుచేను చూస్తూ కూర్చున్నారు. ఎనిమిదో రోజున ట్రాక్టరు బయటికి తీస్తే లేచి నిలబడ్డారు. మా అమ్మాయికి ఏడేళ్ళు. ఆ రోజు మేము లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి, తాతగారు మనవరాలిని ఎత్తి ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెడుతున్నారు.

"నాన్నా, వద్దు. దింపండి" అన్నాం. కాస్త గట్టిగానే అన్నాం.

"ఏంరా? ఒక రౌండే కదా. మనూళ్ళో ఒక్కో ట్రాక్టరుకి పదిమంది ఎక్కుతారు. నువ్వు నా గుంటక మీద కూర్చుని పొలమంతా తిరగలేదూ?"

తిరిగాం. నిజమే. గుంటకకి బరువు కావాలంటే మమ్మల్ని కూర్చోబెట్టేవారు. ఎడ్లు నడుస్తుంటే మట్టి వాసన పీలుస్తూ తిరగడం మాకింకా గుర్తే. కాని గుంటక మీదనుంచి పడితే మోకాలు దోక్కుపోతుంది. ట్రాక్టరు మీదనుంచి జారితే వెనక చక్రం కిందికో, తిరుగుతున్న కట్టరు కిందికో పోవడమే. ఆ తరవాత మాలాంటివాళ్ళు చేయగలిగింది పెద్దగా ఉండదు. అదే చెప్పాం. ఆసుపత్రిలో చెప్పినట్లే చెప్పాం. నాన్నగారు మాట్లాడకుండా పిల్లని దింపి లోపలికి వెళ్ళిపోయారు. రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. అన్నం దగ్గర "పప్పు వెయ్యనా" అంటే "చాలు" అనడం, అంతే. మా ఆవిడ, "చెప్పింది సరే, చెప్పిన తీరు బాగాలేదు" అంది. అదీ నిజమే.

మూడో రోజు శనివారం. దొడ్డిలో ఎండిపోయిన యాపిల్ చెట్టు మొద్దు ఒకటి అడ్డంగా ఉంటే పీకేద్దామని బయల్దేరాం. మొద్దుకి గొలుసు చుట్టి, రెండో కొస ట్రాక్టరుకి ఎక్కడ తగిలించాలా అని చూశాం. పైన టాప్ లింకు తగిలించే గట్టి ఇనుప కమ్మి చేతికి అందుబాటులో కనబడింది. ఎత్తు మీదనుంచి లాగితే మొద్దు పైకి లేస్తుంది కదా అని మా లెక్క. తగిలించి, మొదటి గేరు వేసి, క్లచ్ వదిలాం.

మొద్దు కదలలేదు. వెనక చక్రాలూ జారలేదు. కదలాల్సింది ఏదో ఒకటి కదలాలి కాబట్టి ట్రాక్టరు ముక్కు లేచింది. స్టీరింగు మీదుగా చూస్తే నేల కనబడడం మానేసి ఆకాశం కనబడింది. వరండాలోంచి "ఒరేయ్! ఆపరా!" అని కేక వినబడింది. మా కాలు క్లచ్ మీదే ఉండడం వల్ల తొక్కగలిగాం. ముందు చక్రాలు దభీమని నేలకి కొట్టుకున్నాయి. ఇదంతా జరగడానికి పట్టిన కాలం, మీరీ వాక్యం చదివినంత కూడా లేదు.

ట్రాక్టర్ల ప్రమాదాల గురించి చదివితే తెలిసే సంగతి ఇది. ముక్కు లేవడం మొదలయ్యాక ఇక తిరుగులేని చోటికి రావడానికి సుమారు ముక్కాలు సెకను చాలు. జరుగుతున్నది ప్రమాదమని మెదడు గ్రహించి కాలికి కబురు పంపేసరికే దాదాపు అంత కాలం గడిచిపోతుంది. మేము తొక్కగలగడం మా చురుకుదనం కాదు. కాలు పెడలు మీదనుంచి తియ్యడం మరిచిపోవడం వల్ల వచ్చిన అదృష్టం. లాగే బిందువు వెనక ఇరుసు కన్నా పైన ఉంటే ట్రాక్టరు ఆ ఇరుసు చుట్టూ తిరిగి మన మీద పడాలని చూస్తుంది. కింద, ఇరుసు కన్నా దిగువన ఉండే డ్రాబారుకి తగిలిస్తే ముక్కు లేచి తిరగబడే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఏది లాగినా డ్రాబారుకే. దీనికి మినహాయింపు లేదు.

నాన్నగారు వరండా దిగి వచ్చారు. తిడతారనుకున్నాం. తిట్టలేదు. గొలుసు విప్పి పక్కన పడేసి, ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, "పిల్లని ఎక్కించొద్దన్నావు, బాగానే ఉంది. ఎక్కేవాడికి తెలియాలి కదరా ముందు" అన్నారు. అంతే. ఆ మాటతో మా ఇద్దరి మధ్యా రెండు రోజులనుంచి ఉన్న బిగువు పోయింది.

తరవాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి మేడి ఏదిరా?" అని.

నాగలికి వెనకనుండే పిడిని మేడి అంటారని మన పిల్లలకి తెలియకపోవచ్చు. మేము పల్లెలో పుట్టినవాళ్ళమే గాని మేడి పట్టినవాళ్ళం కాదు. చదువుకోవాలని మమ్మల్ని ఆయన హాస్టల్లో వేశారు. సెలవుల్లో ఇంటికొచ్చినా నాగలి దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకని ఆయన చేతులు ఏంచేసేవో ముప్ఫయ్యేళ్ళు దాటాక, ఇంత దూరంలో, ఆరోజు మొదటిసారి విన్నాం.

"మేడి మీద చెయ్యి వేస్తే కర్రు ఎక్కడుందో కళ్ళతో చూడనక్కరలేదు. ఎడ్లు ఒకే నడక నడుస్తుంటాయి. గట్టి నేలో, వేరో తగిలిందనుకో, అవి మెడ బిగిస్తాయి. ఆ బిగువు చేతికి తెలుస్తుంది. వెంటనే చెయ్యి మార్చి కర్రుని రవ్వంత పైకి తేవాలి. ఎడ్లు ఆగిపోయేదాకా చూడకూడదు. మెత్తటి నేల రాగానే మళ్ళీ దింపాలి. చాలు లోతు అంతటా ఒకటే ఉండకపోయినా ఫరవాలేదు, ఎడ్ల కష్టం ఒకటే ఉండాలి."

ఆ ఆఖరి మాట వినగానే మాకు రెండో లివరు అర్థమైంది. 'ఎడ్ల కష్టం ఒకటే ఉండాలి.' డ్రాఫ్ట్ కంట్రోలు అంటే అంతకన్నా ఏమీ లేదు.

పొజిషన్ లివరు "ఈ ఎత్తులో ఉండు" అని చెబితే డ్రాఫ్ట్ లివరు "ఇంత కష్టం వరకే పడు" అని చెబుతుంది. నాగలి గట్టి నేలలో దిగబడ్డప్పుడు దాని అడుగు వెనక్కి ఈడ్చబడి, పైభాగం ముందుకి తూలాలని చూస్తుంది. అలా తూలినప్పుడు టాప్ లింకుని ముందుకి, ట్రాక్టరు వైపుకి తోస్తుంది. టాప్ లింకు మొదట్లో ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. తోపు పెరిగితే స్ప్రింగు అణుగుతుంది, ఆ అణగడమే వాల్వుని తెరుస్తుంది, చేతులు రవ్వంత పైకి లేస్తాయి. కష్టం తగ్గగానే స్ప్రింగు సాగుతుంది, నాగలి మళ్ళీ దిగుతుంది. ఎడ్లు మెడ బిగించడం, చేతికి తెలియడం, కర్రు లేపడం, మూడూ ఆ స్ప్రింగూ వాల్వూ కలిసి చేస్తున్నాయి. మన ఒంట్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. కండరం ఎముకకి అతుక్కునే చోట, ఎంత సాగిందని కాకుండా ఎంత బిగువు పడుతున్నదని కనిపెట్టే అంగాలున్నాయి. గాల్జీ అనే ఇటాలియన్ శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు వాటికి. బిగువు మితిమీరితే అవి కండరాన్ని కాస్త సడలమంటాయి.

ఈ ఇనుప మేడిని కనిపెట్టినాయన పేరు హ్యారీ ఫెర్గూసన్. ఐర్లండులో కౌంటీ డౌన్ అనే చోట 1884లో రైతు ఇంట పుట్టాడు. 1909 డిసెంబరు 31న తాను స్వయంగా చేసుకున్న విమానంలో ఎగిరి, ఐర్లండులో మొట్టమొదట విమానం నడిపినవాడనిపించుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, తిండిగింజల కొరత వల్ల ప్రభుత్వం అక్కడి ట్రాక్టర్ల పనితీరు చూడమని అతన్ని నియమించింది. అప్పటి ట్రాక్టర్లు నాగలిని బండిని లాగినట్లు వెనకాల లాగేవి. నాగలి రాయికి తగిలితే ముక్కు లేచి వెనక్కి తిరగబడి నడిపేవాడి మీద పడేవి. మా యాపిల్ మొద్దు కథే. దానికి మందు బరువైన ట్రాక్టరు కాదని ఫెర్గూసన్ పట్టుబట్టాడు. నాగలినీ ట్రాక్టరునీ ఒకే శరీరం చెయ్యాలన్నాడు. నాగలి ముందుకి తూలే బలం టాప్ లింకు ద్వారా ట్రాక్టరు ముక్కుని నేలకి అణిచి ఉంచుతుంది. నాగలి బరువూ, మట్టి లాగే బలమూ వెనక చక్రాల మీద పడి పట్టు పెంచుతాయి. ఏ బలం మనిషిని చంపుతున్నదో అదే బలాన్ని కాపలా పెట్టాడన్నమాట. లోతుని తనంతట తాను సరిచేసుకునే హైడ్రాలిక్ పద్ధతికి 1925లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు.

1938లో హెన్రీ ఫోర్డుకీ అతనికీ కాగితం లేకుండా, కేవలం చేతిలో చెయ్యి వేసుకుని ఒప్పందం కుదిరింది. 1939లో ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. ఫోర్డు మనవడి హయాంలో ఆ ఒప్పందం చెదిరింది. 1947లో వచ్చిన 8ఎన్ ట్రాక్టరులో డ్రాఫ్ట్‌తో పాటు పొజిషన్ కంట్రోలు కూడా పెట్టారు. ఫెర్గూసన్ 1948లో దావా వేశాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకి రాజీ అయింది. మరుసటేడు అతని కంపెనీ మాసీ హ్యారిస్‌తో కలిసింది. అలా వచ్చిందే మనందరికీ తెలిసిన మాసీ ఫెర్గూసన్ పేరు. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ ఆ కంపెనీ సహకారంతోనే ట్రాక్టర్లు చేసింది. పేటెంట్లకి కాలం తీరాక అందరూ ఈ పద్ధతే అందుకున్నారు. కుబోటా కంపెనీ 1969లో ఎల్200 అనే చిన్న ట్రాక్టరుతో అమెరికాలో అడుగుపెట్టింది. ఈనాడు మన షెడ్లలో ఉన్న బుల్లి ట్రాక్టర్లన్నీ దాని తరవాత వచ్చిన సంతతి. ఊళ్ళో మాసీ వెనకా, ఇక్కడ మా ట్రాక్టరు వెనకా ఉన్నవి అవే మూడు చేతులని నాన్నగారికి చెబితే, "అందుకే చూడగానే తెలిసినట్టుంది" అన్నారు.

మన పనులకి డ్రాఫ్ట్ లివరు అవసరం తక్కువ. గడ్డి కొయ్యడానికీ, రోడ్డు చదునుకీ పొజిషన్ లివరే వాడాలి. రెండు లివర్లూ ఉంటే డ్రాఫ్ట్ లివరుని మీ మాన్యువలు చెప్పిన చోట, దారికి అడ్డం రాకుండా పెట్టాలి. లేకపోతే మీరు దింపమంటుంటే అది లేపుతుంటుంది. దున్నేవాళ్ళు మాత్రం దాన్ని తప్పక నేర్చుకోండి.

ఇక డాక్టరుగా మూడు మాటలు చెప్పి ముగిస్తాం.

మొదటిది. ఇంజను ఆపినా లివరు ముందుకి తోస్తే పైకెత్తి ఉన్న పనిముట్టు కిందికి పడుతుంది. బ్లేడు నాలుగయిదు వందల పౌన్ల బరువుంటుంది. పిల్లల చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది లివరు. అందుకని దిగేముందు పనిముట్టుని నేల మీదికి దింపి, బ్రేకు వేసి, తాళంచెవి జేబులో వేసుకోండి. దాని కింద చెయ్యి పెట్టవలసి వస్తే గట్టి కర్ర దిమ్మెలు పెట్టండి. నూనెని నమ్మి వేళ్ళు పెట్టకండి.

రెండోది. హైడ్రాలిక్ గొట్టాల్లో నూనె ఒత్తిడి చదరపు అంగుళానికి 2,000 పౌన్ల పైచిలుకు ఉంటుంది. మన కారు టైరులో ఉండేది 35 పౌన్లు. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే వచ్చే చిమ్ము కంటికి కనబడదు గాని చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చీమ కుట్టినంత గాయం, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. "ఏముందిలే, రేపు చూద్దాం" అనుకుంటారు. తెల్లారేసరికి వేలు నల్లబడుతుంది. దీనికి బ్యాండేజీ వైద్యం లేదు, కొద్ది గంటల్లో ఆపరేషను చేసి నూనె తీయాలి. ఆలస్యమైతే వేలో, చెయ్యో పోతుంది. ఎమర్జెన్సీలో కూడా "ఒత్తిడితో నూనె లోపలికి పోయింది" అని నోరు తెరిచి చెప్పండి. గాయం చూసి వాళ్ళు కూడా మోసపోవచ్చు. నూనె ఎక్కడ కారుతున్నదో చేత్తో తడిమి వెతకకండి, అట్టముక్క పెట్టి చూడండి.

మూడోది. 1985 నుంచి అమెరికాలో కొత్త ట్రాక్టర్లకి నడిపేవాడి వెనక కమాను లాంటి ఇనుప రక్షణ బిగించే ఇస్తున్నారు. దాన్ని నిలబెట్టి, సీటు బెల్టు పెట్టుకోండి. రెండూ కలిస్తేనే కాపాడతాయి. పాత ట్రాక్టరు చవకగా వచ్చిందని కొన్నవాళ్ళు ముందు ఆ కమాను కొనండి, తరవాత బ్లేడు కొనండి. ఒక్క సీటున్న ట్రాక్టరు మీద ఒక్కరే ఎక్కాలి. ఇది తాతయ్యలకి చెప్పేటప్పుడు మాకన్నా మెత్తగా చెప్పండి.

ఆ మొద్దు సంగతి అడుగుతారేమో. నాన్నగారు పారా, గొడ్డలీ తీసుకుని నాలుగు రోజులు రోజుకొక గంట చొప్పున చుట్టూ తవ్వి, వేళ్ళు నరికారు. అయిదో రోజున గొలుసు డ్రాబారుకి వేసి లాగితే పంటి వైద్యుడి చేతిలో పాలపన్నులా వచ్చేసింది. ఆ చోట ఆయన ఒక మడి వేశారు. వెళ్ళేముందు రోడ్డు చదును చేస్తుంటే వరండాలో మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, "బిగిస్తున్నదిరా, రవ్వంత లేపు" అని కేకవేశారు. ఇంజను మోత చూసి ఆయన కనిపెట్టారు. మేము లివరు రవ్వంత వెనక్కి లాగాం.

వచ్చే నెల ఆ మడిలో మొలిచిన గోంగూర గురించి. శలవు.